కొలిమిని తప్పించుకున్న నాణేలు

(పాత నాణేలు సేకరించేవాళ్ల కోసం యానాంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ. ఆఁ, చాలు.

మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న ముందు నేనే అడిగేస్తాను. "మా ఇంట్లో పాత ఫ్రెంచి బిళ్ల ఒకటుందండీ, ఎంత వస్తుంది?" అంతే కదా? నవ్వకండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నాణెమంటేనే డబ్బు. డబ్బు గురించి ఎంత అని అడక్కపోతే ఇంకేం అడుగుతాం?

కాకపోతే ఆ ప్రశ్న వెనకే ఇంకో మాట వస్తుంది. "చాలా పాతదండీ, నూటయాభై ఏళ్ల నాటిది" అంటారు. అక్కడే నేను ఆపుతాను. పాతదైతే ఏమిటండీ? రోమన్ల కాలపు చిన్న చిన్న రాగి నాణేలు, పదహారు వందల ఏళ్ల నాటివి, మామూలు రకమైతే కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. పాతదనానికి ధర కట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఒక ఉదాహరణ చెప్తాను. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఫ్రాన్సులో ఇరవై ఫ్రాంకుల వెండి బిళ్ల ఒకటి ఉండేది. ట్యురాఁ అనే శిల్పి చెక్కిన బొమ్మ. ఇరవై గ్రాముల బరువు, అందులో వెండి 68 శాతం. 1933లో ఇవి రెండు కోట్లకు పైగా కొట్టారు. 1939లో కొట్టినవి నాలుగు వేలు కూడా లేవు. అదే బొమ్మ, అదే బరువు, అదే వెండి. ఆరేళ్లు పాతదైన 1933 బిళ్లని వెండి ధరకి కాస్త అటూ ఇటూగా కొనుక్కోవచ్చు. 1939 బిళ్ల వేలానికొస్తే పోటీపడతారు. మరి పాతదానికి విలువ ఎక్కువన్నారే?

సరే, తక్కువ కొడితే విలువ ఎక్కువ. ఇది అందరికీ తెలిసిందే, దీనికి నేనిక్కడిదాకా రానక్కర్లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇంకొంచెం ముందుకెళ్తుంది. ఎన్ని కొట్టారో, నాణేలు కొట్టే టంకశాల లెక్కల్లో ఉంటుంది. ఎన్ని మిగిలాయో ఏ లెక్కలోనూ ఉండదు. ధర మాత్రం ఆ మిగిలినవాటి మీదే నిలబడుతుంది. ఫ్రాన్సులో ప్రభుత్వం మారినప్పుడల్లా, యుద్ధం వచ్చినప్పుడల్లా నాణేలు కొలిమిలోకి పోయాయి. రాజులు కరిగించారు, విప్లవం కరిగించింది, రిపబ్లిక్కులు కరిగించాయి, ఆక్రమించుకున్న జర్మన్లూ లోహం కావాలన్నారు. ఇవాళ మీ చేతిలో ఉన్న పాత ఫ్రెంచి బిళ్ల కొలిమిని తప్పించుకుని వచ్చిన బిళ్ల. దాంతోపాటు ఇంకెన్ని తప్పించుకున్నాయన్నదే మొత్తం లెక్క.

రాజులతో మొదలుపెడదాం. 1640లో పదమూడో లూయీ "లూయీ" అనే బంగారు నాణెం తెచ్చాడు. మరుసటేడు పెద్ద వెండి బిళ్ల, ఎక్యూ. తర్వాత ఆయన కొడుకు పద్నాలుగో లూయీ. ఆయనకి యుద్ధాలెక్కువ, ఖజానాలో డబ్బు తక్కువ. ఏం చేశాడు? 1690 ప్రాంతం నుంచి, మీ పాత నాణేలు తీసుకురండి అన్నాడు. కరిగించడానికి ఖర్చు దండగని, తెచ్చిన పాత నాణెం మీదే కొత్త అచ్చు గుద్దించాడు. అదే బిళ్ల, పైన కొత్త బొమ్మ, విలువ మాత్రం రాజుగారు చెప్పినంత. మధ్యలో తేడా ఎవరికి? ఖజానాకి. ఇలా ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చేశాడు.

ఆ బిళ్లల్ని ఇవాళ చూస్తే సరదాగా ఉంటుంది. పాత చీరకి కొత్త రంగు వేయిస్తే కిందనుంచి పాత అంచు లీలగా కనిపిస్తుంది చూడండి, అలా కొత్త బొమ్మ కిందనుంచి పాత అక్షరాలు, పాత తేదీ తొంగిచూస్తుంటాయి. తెలియనివాళ్లు "అచ్చు చెడిపోయింది" అని తక్కువకి అమ్మేస్తారు. తెలిసినవాళ్లు భూతద్దం పెట్టి కింద ఏ సంవత్సరం ఉందో చదువుతూ కూర్చుంటారు. నాకు వ్యక్తిగతంగా తళతళలాడే బిళ్ల కంటే ఇవే ఇష్టం. అది నా పిచ్చి అనుకోండి.

విప్లవం వచ్చాక ఏకంగా చర్చి గంటలే కరిగించారు. 1791 నుంచి రెండు మూడేళ్లపాటు గంటల కంచుతో చిల్లర నాణేలు పోశారు. ముదురు రంగు, గరుకుగా ఉంటాయి. కథ పెద్దది, ధర చిన్నది. ఎందుకంటే అవి చాలా మిగిలాయి. చూశారా, కథకీ ధరకీ కూడా సంబంధం లేదు.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికి వద్దాం. 1803 మార్చి 28. వాళ్ల విప్లవ క్యాలెండరులో పదకొండో ఏడు, జెర్మినాల్ నెల ఏడో తేదీ. ఆ రోజు వచ్చిన చట్టం ప్రకారం ఒక ఫ్రాంకు అంటే 5 గ్రాముల వెండి, వెయ్యికి తొమ్మిదొందల వంతుల స్వచ్ఛత. అదే స్వచ్ఛత ఉన్న కిలో బంగారంతో ఇరవై ఫ్రాంకుల నాణేలు సరిగ్గా 155 కొట్టాలి. అంటే ఒక్కోటి 6.45 గ్రాములు. అందులో అసలు బంగారం 5.8 గ్రాములు. దీన్నే జనం "నెపోలియన్" అంటారు, మీద ఎవరి బొమ్మున్నా సరే. ఈ బరువు 1914 దాకా మారలేదు. మధ్యలో చక్రవర్తులు వచ్చారు, రాజులు తిరిగొచ్చారు, రిపబ్లిక్కులు వచ్చాయి. ముఖాలు మారాయి, బరువు మారలేదు.

ముఖాలతోపాటు రాతలూ చూడాలండోయ్. నెపోలియన్ చక్రవర్తి అయిన తర్వాత కూడా కొన్నేళ్లు ఆయన నాణెం మీద ఒకవైపు "నెపోలియన్ చక్రవర్తి" అని, రెండోవైపు "ఫ్రెంచి రిపబ్లిక్" అని ఉంటుంది. 1809 నుంచే "ఫ్రెంచి సామ్రాజ్యం" అని వేశారు. చక్రవర్తి ఏలుతున్న రిపబ్లిక్! మొదట్లో తేదీ కూడా మామూలు సంవత్సరంలో ఉండదు, "ఆఁ 12", "ఆఁ 13" అని విప్లవ క్యాలెండరులో ఉంటుంది. మీ బిళ్ల మీద 18 అంకెతో మొదలయ్యే సంవత్సరం కనిపించలేదని నకిలీ అని పారేయకండి.

తేదీ పక్కన చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూడండి. అది ఏ ఊరి టంకశాలో చెప్పే గుర్తు. ఎ అంటే పారిస్, రెండు బి-లు పక్కపక్కనే ఉంటే స్ట్రాస్‌బూర్, కె అంటే బోర్డో, డబ్ల్యూ అంటే లీల్. పారిస్ బిళ్లలు కోట్లలో ఉంటాయి. అదే సంవత్సరం, అదే బొమ్మ చిన్న ఊళ్లో కొట్టింది అపురూపం కావచ్చు. అక్షరం చూడకుండా ధర చెప్పేవాడి మాట నమ్మకండి. 1914 నాటి విత్తనాలు చల్లే అమ్మాయి బొమ్మ వెండి ఫ్రాంకు ఉంటుంది, రోతీ చెక్కిన బొమ్మ. మామూలుగా దానికి వెండి ధరే. కానీ కింద సి అక్షరం ఉంటే అది దక్షిణాదిలోని కాస్తెల్‌సరజాఁ అనే ఊళ్లో కొట్టింది. అప్పుడు లెక్క వేరు.

అక్షరాల్లో నాకు బాగా నచ్చేది 1815 నాటి ఆర్. ఆ ఏడు నెపోలియన్ ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకొచ్చి మళ్లీ గద్దెనెక్కాడు. అప్పటిదాకా గద్దె మీదున్న రాజు పద్దెనిమిదో లూయీ పారిపోయాడు. పారిస్‌లో నెపోలియన్ బొమ్మతో ఇరవై ఫ్రాంకుల బంగారు నాణేలు పడుతున్నాయి. అదే సంవత్సరం పారిపోయిన లూయీ బొమ్మతోనూ పడ్డాయి. ఎక్కడ? లండన్‌లో! బ్రిటిష్ సైన్యానికి ఫ్రెంచి గడ్డ మీద జీతాలివ్వాలి కదా, అందుకని వాళ్లే కొట్టుకున్నారు. వాటి మీద ఆర్ ఉంటుంది. ఫ్రాన్సు నాణెమే, కానీ ఫ్రాన్సులో పుట్టలేదు. పక్కపక్కన పెట్టుకోవడానికి ఆ 1815 బిళ్లలు రెండూ కావాలని తపించేవాళ్లున్నారు.

ఇప్పుడు కోడిపుంజు. గోదావరి జిల్లాల మధ్య కూర్చుని పుంజు గురించి మాట్లాడకపోతే ఎలా? 1899 నుంచి 1914 దాకా ఇరవై ఫ్రాంకుల బంగారు నాణెం మీద ఒకవైపు మరియాన్, అంటే ఫ్రెంచి రిపబ్లిక్కుకి గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ, రెండోవైపు పుంజు. షాప్లాఁ చెక్కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం మీ బంగారం తెచ్చివ్వండని జనాన్ని అడిగింది. 1915లో ఒక పోస్టరు వేశారు. పెద్ద బంగారు నాణెం, దాని మీది పుంజు జర్మన్ సైనికుడి మీదికి దూకుతుంటుంది. జనం కుప్పలుగా తెచ్చిచ్చారు. మరి నేను చెప్పిన లెక్క ప్రకారం పుంజు బంగారం అపురూపం కావాలి కదా?

కాలేదు. ఎందుకంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పారిస్‌లో బంగారం వ్యాపారం మళ్లీ తెరిచారు. నాణేలకి గిరాకీ పెరిగింది. అప్పుడు 1951 నుంచి 1960 మధ్య టంకశాల మళ్లీ పుంజు నాణేలు కొట్టింది, పాత తేదీలే వేసి, 1907 నుంచి 1914 వరకు. సుమారు మూడుకోట్ల డెబ్బై లక్షలు! దొంగ నాణేలా? కావండీ, ప్రభుత్వమే కొట్టింది, బంగారం సరిగ్గా అంతే ఉంది. కాస్త ఎర్రటి ఛాయలో ఉంటాయి. కాబట్టి మీ దగ్గర 1910 నాటి పుంజు ఉంటే, అది మీ ముత్తాత కాలపుదే కావచ్చు, నెహ్రూగారి కాలంలో పుట్టిందీ కావచ్చు. ఏదైనా బంగారం ధర వస్తుంది, పైన కొంచెం. ఫ్రాన్సులో ఆ పైన కొంచెం అనేది భయాన్నిబట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. టెన్షన్ ఎక్కువైన రోజుల్లో జనం చిన్న బంగారు నాణేల కోసం ఎగబడతారు.

పాతవి గుర్తుపట్టాలంటే అంచు చూడండి. 1906 దాకా అంచు మీద "దేవుడు ఫ్రాన్సుని కాపాడుగాక" అని ఫ్రెంచిలో ఉంటుంది. 1905లో చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుచేస్తూ చట్టం వచ్చింది. 1907 నుంచి అంచు మీద "స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం". మళ్లీ కొట్టినవన్నీ ఈ రెండో రకమే. కాబట్టి అంచు మీద దేవుడుంటే అది నికరంగా పాతదే.

కొలిమికి అన్నిటికంటే మంచి ఉదాహరణ 1941. అంతకుముందు ఏడు ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడిపోయి మార్షల్ పెతాఁ చేతికి ప్రభుత్వం వచ్చింది. ఆయన బొమ్మతో రాగి, నికెల్ కలిపిన ఐదు ఫ్రాంకుల బిళ్లలు కోటీ ముప్ఫై లక్షలకు పైగా కొట్టారు. జనం చేతికి రాకముందే దాదాపు మొత్తం కరిగిపోయింది. నికెల్ యుద్ధానికి కావాల్సిన లోహం మరి. కోటి పైన కొట్టిన నాణెం, ఇవాళ మంచి స్థితిలో దొరికితే వందల యూరోలు. అదే ప్రభుత్వం అల్యూమినియంతో కొట్టిన ఒక ఫ్రాంకు బిళ్లలు ఉన్నాయి, "పని, కుటుంబం, మాతృభూమి" అని రాసి ఉంటుంది. వాటినెవరూ కరిగించలేదు. అవి గంపలకొద్దీ దొరుకుతాయి, విలువ ఏమీ లేదు. ఒకే ఏలుబడి, ఒకే యుద్ధం. తేడా ఎక్కడుంది? కొలిమిలో.

అయితే కరిగించిన ప్రతిదీ అపురూపం కాదు, ఇదీ చెప్పాలి. 1986లో పది ఫ్రాంకుల నికెల్ బిళ్ల కొత్తది తెచ్చారు. అది చూడ్డానికి అరఫ్రాంకులా ఉంది. కొట్లో పదికీ అరకీ తేడా తెలియక జనం గోల పెట్టారు. వెనక్కి తీసుకున్నారు. కానీ ఏమైంది? వెనక్కి తీసుకుంటున్నారని తెలియగానే ప్రతివాడూ తలా నాలుగు డ్రాయర్లో పడేశాడు. కాబట్టి ఇవాళ దానికి పెద్ద ధర లేదు. పెతాఁ బిళ్ల దాచుకునే అవకాశం జనానికి రాలేదు, దీనికి వచ్చింది. "భవిష్యత్తులో విలువ పెరుగుతుంది, దాచుకోండి" అని అమ్మే డబ్బాల నాణేల సంగతి కూడా ఇంతే. అందరూ దాచుకునేది ఎప్పటికీ దొరుకుతూనే ఉంటుంది.

ఇక స్థితి. ఫ్రెంచివాళ్లు అరుగుదలనిబట్టి మెట్లు పెట్టుకున్నారు. కింద నుంచి "బే" అంటే బాగుంది, "తే బే" చాలా బాగుంది, "తే తే బే" చాలా చాలా బాగుంది, అలా పైకి వెళ్లి చివర "ఎఫ్ డే సే", అచ్చులోంచి అప్పుడే వచ్చినట్టున్నది. వినడానికి అన్నీ పొగడ్తల్లా ఉన్నాయి కదా? మోసపోకండి. "బాగుంది" అన్నారంటే అరిగి ముఖం సగం పోయిందని అర్థం. పై మెట్టుకీ కింది మెట్టుకీ ధర పది రెట్లు తేడా వచ్చే నాణేలున్నాయి.

అమ్మా, మీకు ప్రత్యేకంగా ఒక మనవి. పండక్కి ఇత్తడి సామాను తోమేటప్పుడు నాణేలు తోమొద్దు. చింతపండు వద్దు, విబూది వద్దు, టూత్‌పేస్టు అసలే వద్దు. వెండి మీద పేరుకున్న నలుపు ఆ నాణేనికి రక్ష. తోమితే మెరుస్తుంది, నిజమే. భూతద్దం కింద సన్నటి గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు పడ్డ తర్వాత కొనేవాడు వెండి ధరే ఇస్తాడు.

కాసులపేరు సంగతీ అంతే. బంగారు నాణేనికి కొక్కెం అతికిస్తే అది నగ. నగకి నగ విలువుంది, నేను కాదనను. ఆ కొక్కెం తీయించినా అతుకు మచ్చ పోదు. ఇంకోటి, కంసాలి "ఇది ఇరవైరెండు క్యారెట్లు కాదండీ" అంటే కంగారుపడకండి. ఆయన నిజమే చెప్తున్నాడు. వెయ్యికి తొమ్మిదొందలంటే 21.6 క్యారెట్లే. బ్రిటిష్‌వాళ్ల బంగారు నాణెం సవరిన్ ఇరవైరెండు, ఫ్రెంచిది ఇంతే.

నాణేన్ని పాడుచేస్తే ధర పోతుందన్నాను. ఒక మినహాయింపు ఉంది. 1870లో మూడో నెపోలియన్ సెడాఁ దగ్గర ప్రష్యన్లకి లొంగిపోయాడు. జనానికి ఒళ్లు మండి, ఆయన బొమ్మున్న కంచు బిళ్లల మీద ఉలితో చెక్కి ప్రష్యన్ టోపీ పెట్టారు, తిట్లు రాశారు. వాటిని విడిగా సేకరించేవాళ్లున్నారు. అందుకని మీరిప్పుడు ఇంటికెళ్లి ఉలి తీయకండి.

నకిలీల గురించి త్వరగా చెప్తాను. ఐదు ఫ్రాంకుల పెద్ద వెండి బిళ్ల 25 గ్రాములు, 37 మిల్లీమీటర్లు. నగల కాటాలో పెట్టండి. 21, 22 చూపిస్తే అక్కడితో వదిలేయండి. కొత్తదై అరగనట్టు కనిపిస్తూ తక్కువ తూగే వెండి బిళ్ల ఉండదు. రెండోది, నాణేన్ని పక్కనుంచి పుస్తకం పేజీలా తిప్పండి. ఫ్రెంచి నాణెమైతే వెనక బొమ్మ తలకిందులుగా రావాలి. నేరుగా వస్తే అనుమానించాల్సిందే. నకిలీల్లో కూడా ఒక తమాషా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్లాటినం బంగారం కంటే చవక. బరువు సరిపోతుందని మోసగాళ్లు ప్లాటినంతో ఇరవై ఫ్రాంకులు కొట్టి పైన బంగారం పూత పూశారు. ఆ దొంగ నాణేలకి ఇవాళ గిరాకీ ఉంది!

మరి మన యానాం ఇళ్లలో ఏముంటాయి? ఫ్రెంచి పాలన 1954 దాకా ఉంది కాబట్టి ఫ్రాంకులుంటాయనుకుంటారు. కానీ బజారులో ఫ్రాంకులు తిరగలేదు. పుదుచ్చేరి టంకశాల పందొమ్మిదో శతాబ్దం నడిమికే మూతపడింది. ఆ తర్వాత ఇక్కడా తిరిగింది బ్రిటిష్ ఇండియా రూపాయే. అంతకుముందు పుదుచ్చేరిలో కొట్టిన ఫనాలు అనే చిన్న వెండి నాణేలు, కిరీటం ఒకవైపు, లిల్లీ పూలు ఇంకోవైపు, ఒకవైపు తమిళంలో ఊరి పేరున్న రాగి దుడ్లు, ఇవి నిజంగా చూడదగ్గవి. మొగల్ చక్రవర్తి పేరుతో పార్శీ రాతలున్న రూపాయి మీద నెలవంక గుర్తుంటే అదీ పుదుచ్చేరి సరుకే. ఫ్రెంచి అక్షరం ఒక్కటీ లేదని పక్కన పడేస్తారు. అలా పడేయకండి.

ఇంకోటి కూడా బయటపడుతుంటుంది. పెద్ద వెండి బిళ్ల, తల చుట్టూ కిరణాలతో కూర్చున్న స్త్రీ బొమ్మ, "రెపుబ్లిక్ ఫ్రాన్సేజ్" అని రాసి ఉంటుంది. అది ఇండోచైనా పియాస్త్ర్, అంటే ఫ్రెంచివాళ్లు ఏలిన వియత్నాం వైపు తిరిగిన నాణెం. ఫ్రెంచి ఇండియా నుంచి సైగాన్‌కి ఉద్యోగాలకి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వెంట వచ్చింది. దాని మీదే బరువు రాసి ఉంటుంది, 1895 దాకా 27.215 గ్రాములు, ఆ ఏడు నుంచే 27 గ్రాములు. ఇంతకంటే సాయం ఏ టంకశాల చేస్తుందండీ? కాటాలో పెట్టి, రాసిందీ తూగిందీ సరిపోయిందో లేదో చూసుకోండి. వీటికి నకిలీలు విపరీతం.

ఆఖరుగా అమ్మకం. ఫ్రాంకు నాణేల్ని యూరోల్లోకి మార్చుకునే గడువు 2005 ఫిబ్రవరితో అయిపోయింది, బ్యాంకుకి తీసుకెళ్లి లాభం లేదు. మట్టి తవ్వుతుంటే నాణేలు దొరికితే అవి మీవే అనుకోకండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది, కలెక్టరుకి చెప్పాల్సిందే. వందేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా విదేశాలకి పంపకూడదు, అది 1972 చట్టం. "మీ పాత బిళ్లకి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోను వస్తే పెట్టేయండి. ఇలాంటివాళ్లు రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఇంక మీరు తెచ్చినవి చూద్దాం. కాటా ఇక్కడే ఉంది, భూతద్దాలు రెండున్నాయి. బిళ్లని మధ్యలో వేలుపెట్టి కాకుండా అంచుల దగ్గర పట్టుకుని ఇవ్వండి. మాస్టారూ, ముందు మీరు రండి, ఆ పియాస్త్ర్‌తోనే మొదలుపెడదాం.